తరళను దాటాలని

గుట్టల నడుమ ఒక అడవిలో సారంగి అనే ఆడజింక ఉండేది. ఒకప్పుడు మందకు ముందు పరిగెత్తింది అదే. వానాకాలంలో గిట్ట చీలి కొన్నాళ్లు పడుకుంది. గిట్ట మానింది గానీ, పరుగు మీద ఆసక్తి పోయింది. పడుకున్న చోటే మేస్తూ బాగా ఒళ్లు చేసింది.

ఆ తర్వాత మందను నడిపే పని తరళ అనే చిన్న జింకకు దక్కింది. "తరళవి కాళ్లా, రెక్కలా!" అని అందరూ పొగుడుతుంటే సారంగికి కడుపు మండిపోయేది.

"నా రోజుల్లో అది నా గిట్టల దుమ్ముకు దగ్గుతూ వచ్చేది" అని గొణుక్కునేది.

ఆ మంటతోనే ఒక ఉదయం గుట్ట వెనక్కి వెళ్లి పరుగు తీసింది. నాలుగు పొదలు దాటకుండానే ఆయాసంతో కూలబడింది. సిగ్గేసినా మర్నాడూ వెళ్లింది. తరళ తన ముందు పోతున్నట్టు ఊహించుకుని, పళ్లు కొరుకుతూ రోజూ పరిగెత్తింది. మెల్లగా ఒళ్లు కరిగింది, ఆయాసం తగ్గింది.

చలికాలం చివర్లో రేచుకుక్కలు మందమీద పడ్డాయి. జింకలన్నీ ఏటి వైపు పరుగెత్తాయి. గట్టు దగ్గర సారంగి తరళను దాటేసింది! సంబరంగా తిరిగి చూస్తే, తరళ రొప్పుతోంది.

"కడుపుతో ఉన్నానక్కా, నావల్ల కావడం లేదు. నువ్వే వీళ్లను ఏరు దాటించు."

సారంగికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదేం గెలుపే! ఈనిన తర్వాత నాతో సరిగ్గా పరిగెత్తు, అప్పుడు చూస్తా నీ సంగతి" అంటూ తరళను మంద మధ్యలోకి నెట్టి, తాను ముందుగా ఏట్లోకి దూకింది.