చోకు లాగిన షబ్బీర్

"గిదే ఆఖరు. ఇప్పుడు లెవ్వకపోతే తుక్కుకే!" అంటూ షబ్బీర్ చోకు పిడి బర్రున లాగి, తాళం తిప్పాడు.

డాడ్జి కారు కుర్ర్ కుర్ర్‌మని మూలిగి ఊరుకుంది. తాండూరులో ఆ రేకుల షెడ్డు కింద ఆరేళ్లుగా కదలని బండి అది. పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ పెట్టించుకున్న అజమత్ చనిపోయాక, దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు.

బానెట్లో తల దూర్చిన మెకానిక్ బాల్‌రాజ్ పానా నేలకేసి కొట్టాడు. "ట్యాంకు కడిగిన. ఫిల్టర్ మార్చిన. వికారాబాద్ నుంచి కొత్త బ్యాటరీ మోసుకొచ్చిన. అయినా పైపులల్ల సుక్క డీజిల్ వస్తలేదు! పంపు సచ్చింది."

"సావలేదు" అంది గడపలోంచి అజమత్ భార్య ఇస్మత్.

బండి లేస్తే ఆమె తమ్ముడు వికారాబాద్‌కు కిరాయికి తిప్పుతాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. లేవకపోతే గేటు ముందున్న బండల లారీ ఎక్కి తుక్కుగా హైదరాబాద్ పోతుంది. ఆ లారీని తెల్లారకముందే పిలిపించి పెట్టాడు మరిది షబ్బీర్. ఆయనగారికి అంత తొందర! ఇస్మత్ కడుపుమంటంతా ఆ తొందర మీదే.

"షబ్బీర్, నువ్వు గా పిడి..."

"భాబీ, లోపలికి పో! మగోళ్ల పని నడుస్తుంటే నడుమ నీ లొల్లేంది?"

"మీ అన్న నమాజుకు ఉరుకుతుంటే రోజూ గీ బండి ఆపింది నేనే. జర నా మాటిను."

"ఆపుడు వేరు, లేపుడు వేరు! సల్లబడ్డ ఇంజన్ చోకు గుంజకుంటే లేస్తదా? పెట్రోలు కార్లు నడిపినోణ్ణి, నాకు నేర్పుతవా?"

మళ్లీ లాగాడు. మళ్లీ అదే మూలుగు. షబ్బీర్ తలుపు దభాలున వేసి దిగి, "ఓయ్, లారీ ఎనక్కి తియ్!" అని కేకేశాడు.

ఇస్మత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగు నడుముకు దోపి, మరిదిని పక్కకు నెట్టి, స్టీరింగు ముందు కూర్చుంది. బయటికి వేలాడుతున్న చోకు పిడిని అరచేత్తో ఒక్క గుద్దు గుద్దితే లోపలికి పోయింది. తాళం తిప్పింది.

కుర్ర్ కుర్ర్... రెండు దగ్గులు. ధడ్ ధడ్ ధడ్ ధడ్! షెడ్డంతా నల్లటి పొగ.

"అరె వా!" అని బాల్‌రాజ్ ఎగిరి గంతేశాడు. షబ్బీర్ ముఖం మాడిపోయింది. "ఆపు! ఇంజన్ పగుల్తది, ఆపు!" అని కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం పీకేశాడు. తాళం ఆయన పిడికిట్లోనే ఉంది. ఇంజన్ ఆగితే కదా!

"తాళం తీసినా ఆగుతలేదేంది? గిదెట్ల ఆపాలె భాబీ?"

ఇస్మత్ కారు దిగి, కొంగు దులుపుకుంది.

"డీజిల్ ఇంజన్‌కు చోకెక్కడిది? పొద్దటి సంది ఎట్ల ఆపుతున్నవో గట్లనే ఆపు, గా పిడి గుంజి!"