మోకాళ్ల మీద మర్యాద

నల్లబూటు లేసు బిగించి కట్టాడు బాబాయ్. ఇక లేవాలి.

లేవలేకపోయాడు.

చెప్పుల షాపులో అందరికీ ఆయన బాబాయే. ఇరవై ఆరేళ్లుగా వచ్చినవాళ్ల పాదాలకు బూట్లు తొడగడమే పని. పోయినవారం కూర్చునే చిన్న స్టూలు ఆయన కింద ఫెళ్లున విరిగింది. అప్పటినుంచి నేల మీద మోకాళ్లే గతి.

"కొవ్వంటే ఉత్త బరువే కాదండీ, లోపల్నుంచి కూడా మోకాలి గుజ్జుని పాడుచేస్తుంది. పది కిలోలు తగ్గండి," అని డాక్టరు చెప్పి ఏడాదైంది.

బాబాయ్ నాలుగు కిలోలు పెరిగాడు. ఇంట్లో చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

బూట్లాయన డబ్బు కట్టి వెళ్లిపోయాడు. బాబాయ్ కుర్చీ పట్టుకుని మళ్లీ లేవబోయాడు. మోకాలు కలుక్కుమంది.

ఇంతలో పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంది. బాబాయ్ మోకాళ్ల మీదే పాక్కుంటూ వెళ్లాడు.

"ఏ సైజండీ?"

ఆవిడ తర్వాత ఇంకొకాయన. బాబాయ్ పాకుతూనే ఉన్నాడు.

పెట్టెలన్నీ కొత్తగా చేరిన అమ్మాయి అందించింది. ఆర్నెల్లుగా కింది అరల పనంతా ఆ పిల్లదే. బాబాయ్ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఓనరు గదిలోంచి వచ్చి చేతులు కట్టుకుని చూశాడు.

"చూడమ్మా, పనంటే అదీ. ఈ వయసులో కస్టమరు కాళ్ల దగ్గర్నుంచి లేవట్లేదు మనిషి. నువ్వేమో దర్జాగా నిలబడి పెట్టెలు అందిస్తున్నావు."

ఆ అమ్మాయి బాబాయ్ వైపు చూసింది.

లేవలేకే ఇలా ఉన్నానని ఒక్క మాట చెబితే చాలు. బాబాయ్ నోటిదాకా వచ్చింది. చెబితే తన ఉద్యోగం ఉంటుందా?

బాబాయ్ తల వంచుకుని, కట్టిన లేసే విప్పి మళ్లీ కట్టాడు.

"రేపట్నుంచి నువ్వు గోడౌన్‌కి పో. ఇక్కడంతా బాబాయ్ చూసుకుంటాడు. ఏం బాబాయ్?"

గోడౌనంటే కిటికీ లేని గది. పొద్దస్తమానం పెట్టెలు మోయడమే.

"అలాగే సార్."

అన్నాక బాబాయ్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఓనరు లోపలికి వెళ్లాడు. కస్టమర్లూ వెళ్లిపోయారు. ఆ అమ్మాయి వచ్చి బాబాయ్ పక్కన వంగింది.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నా భుజం పట్టుకో బాబాయ్. మెల్లగా లే."

పట్టుకున్నాడు. పట్టుకోకపోతే లేవలేడు.