కుడిచెయ్యి

కొత్తగా లైసెన్సు పుచ్చుకున్నవాళ్లు ఎంత పవరున్న కారెక్కినా, స్టీరింగు మీద చెయ్యి పెట్టగానే అది గుర్తుపట్టి, రెండేళ్లపాటు ముప్పై దాటనివ్వదు. పాతవాళ్లెవరైనా పూచీపడి అరచెయ్యి ఆనిస్తేనే దాని పూర్తి వేగం వస్తుంది.

డ్రైవింగు స్కూలు నడిపే అనసూయ ఇరవయ్యేళ్లలో ఎవరి కోసమూ ఆ పని చెయ్యలేదు. చేసినవాళ్లకు చీవాట్లు కూడా పెట్టింది. కానీ మేనల్లుడి కొత్త కారుకు పూజ చేయించిన రోజున, చుట్టాలంతా చూస్తుండగా వాడు "ఒక్కసారి అత్తా, నిమ్మకాయలు తొక్కించడానికే" అని బతిమాలితే, కాదనలేక ఆనించింది.

కారు నిమ్మకాయలతో ఆగలేదు. గుడి ముందు పూలమ్ముకునే పోలమ్మ కాలు విరిగింది.

ఆస్పత్రిలో అనసూయను చూసి పోలమ్మ లేవబోయింది.

"కుర్రోణ్ణేమీ అనకండమ్మా, కొత్తోడు. అయినా కొత్తోళ్ల సేతికి బండి అంత ఉరకదంటారు కదా. మరి ఆ పొద్దు ఎవలి సెయ్యి పడిందో ఏటో."

అనసూయ కుడిచెయ్యి పమిట చాటుకు పోయింది. తెచ్చిన బత్తాయిల సంచీని, బుద్ధెరిగాక మొదటిసారి, ఎడమచేత్తో అందించింది.

పోలమ్మ రెండు చేతులూ చాపి పుచ్చుకుంది.