మాస్టారి నియమం

"ఇంత అన్యాయమా అత్తయ్యా! ఆ ఫోనులో వాళ్ళకేం చెప్పారో ఇప్పుడే చెప్పండి!"

కోడలు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచొచ్చి అత్తగారి మంచం ముందు నిలబడింది. చేతిలో వీసా ఆఫీసు ఉత్తరం ఉంది. వీసా ఇవ్వలేమన్నారు. ఎందుకో కూడా రాశారు: 'విచారణ కోసం ఇంటికి ఫోన్ చేయగా, ఈమె వెళ్తే తిరిగి రాదని కుటుంబసభ్యులే చెప్పారు.'

కుటుంబసభ్యులంటే బారెడు జాబితా ఏమీ లేదు. భర్త, అత్త. భర్త పగలంతా కొట్లోనే ఉంటాడు, మధ్యాహ్నం ఓ ముద్ద తినడానికి వచ్చిపోతాడంతే. ఫోనేమో కాలు విరిగి మంచాన పడ్డ అత్తగారి తలాపున ఉంటుంది. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

"నేనేమీ చెప్పలేదమ్మాయ్."

"నేను కుట్టిన బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు ఫోను మోగలేదా?"

"మోగింది. నేనెత్తలేదు."

"మరి దానంతటదే మాట్లాడుకుందా?"

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

"అక్కడ నా చెల్లెలికి గుండె ఆపరేషనండీ! 'కళ్ళు తెరిచేసరికి నువ్వు కనబడాలక్కా, లేకపోతే నేను బల్లెక్కను' అంటోంది. దానికి అమ్మయినా నాన్నయినా నేనే. మిమ్మల్ని చూసుకోడానికి పక్కింటావిణ్ణి కూడా మాట్లాడిపెట్టానే! చంటిపిల్లకి చేసినట్టు చేశాను మీకు. ఒక్క నెల్లాళ్ళు ఓర్చుకోలేకపోయారా? దీనికన్నా నా పీక పిసికేసినా బాగుండేది."

ముసలావిడ పలకలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. కోడలు దాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకుని, మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం మాస్టారు వచ్చారు. ఆమె భర్తే. పేరుకు మాస్టారే గానీ ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. కోర్టు ఎదురుగా చిన్న కొట్లో కూర్చుని జనానికి అర్జీలు రాసిపెడతారు. హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, ఆయనకో నియమం ఉంది. ఎంత తొందర్లో ఉన్నా సరే, సంతకం పెట్టేవాళ్ళు అర్జీని ఆయన ముందు పైకి చదవాల్సిందే. చదివేటప్పుడు గొంతు ఎక్కడ తడబడితే అక్కడ అబద్ధం ఉన్నట్టు. "కాగితం ఎన్ని అబద్ధాలైనా మోస్తుంది, గొంతు మొయ్యదండీ" అంటూ ఆ వాక్యం కొట్టేసి, అసలు సంగతి చెప్పమంటారు.

ఉత్తరం చూసి మాస్టారు నిట్టూర్చారు.

"పోనీలే, పెద్దది. మీ చెల్లెలు సరదాకి 'ఇక్కడే మిషను పెట్టుకో అక్కా, బోలెడు గిరాకీ' అందిగా. అలాంటివి వింటే ఎవరికైనా భయమేస్తుంది మరి. ఏడవకు, నేను లేనూ? అప్పీలు రాస్తాను. చదివినవాళ్ళు కరిగిపోవాలి!"

చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నారు. ఆమె కళ్ళు తుడుచుకుని టీ తెచ్చి పక్కన పెట్టింది. ఈ ఇంట్లో తనకంటూ ఉన్నది ఈయనొక్కడే అనుకుంది.

అప్పీలు నిజంగానే బాగా కుదిరింది. చెల్లెలి ఆపరేషన్, ఇక్కడున్న కుట్టుపని, కాపురం, అన్నీ ఎక్కడివక్కడ పడ్డాయి. కింద ఇద్దరి పేర్లూ రాశారు మాస్టారు.

"అత్తయ్య పేరూ రాయండి. రాదు అన్న నోటితోనే వస్తుంది అనాలి" అంది భార్య.

"అమ్మనెందుకులే ఇబ్బంది పెట్టడం? మనిద్దరం చాలు."

"కుదరదు. మీ నియమం ప్రకారం చదివించండి కూడా. నేను వినాలి."

మాస్టారు తల్లి పేరూ రాసి, చివర్లో ఒక వాక్యం చేర్చారు: 'ఈమె తప్పకుండా తిరిగి వస్తుందని మాకు పూర్తి నమ్మకం ఉంది.'

ముందు తను చదివి సంతకం పెట్టింది. తర్వాత కళ్ళజోడు తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది.

"కానివ్వండి అత్తయ్యా. ఇప్పుడు తేలిపోతుంది."

ముసలావిడ దిండు ఎత్తు పెట్టుకుని లేచి కూర్చుంది. అక్షరాల కింద వేలుపెట్టి, మొదటి నుంచి చదువుకుంటూ వచ్చింది. చివరి వాక్యం దగ్గర తలెత్తి, కోడలి కళ్ళలోకి చూస్తూ, గంట కొట్టినట్టు చెప్పింది.

"ఈమె తప్పకుండా తిరిగి వస్తుందని మాకు పూర్తి నమ్మకం ఉంది."

గొంతు ఇసుమంత కూడా వణకలేదు. సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చేసింది. పొద్దున్నుంచీ తనన్న మాటలన్నీ గుర్తొచ్చి కోడలు సిగ్గుతో చచ్చిపోయింది.

"సరే, అయిపోయింది. కవరేదీ?" మాస్టారు హడావిడిగా కాగితం మడవబోయారు.

"మీరు చదవలేదుగా?"

"రాసింది నేనేనే! వండినవాణ్ణే వంకాయా బీరకాయా అనడుగుతావేంటి?"

"మీరూ సంతకం పెట్టాలిగా. చదవండి."

మాస్టారు నవ్వారు. గొంతు సవరించుకున్నారు. ఆపరేషన్ గురించి చదివారు, కుట్టుపని గురించి చదివారు, అలవాటైన మనిషి కాబట్టి బండి సాఫీగానే సాగింది.

"ఈమె తప్పకుండా తిరిగి... తిరిగి వస్తుందని... మాకు..."

ఆగారు. దగ్గారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగారు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, "గొంతెండిపోయింది. కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు.

ఏళ్ళ తరబడి అలవాటు. ఆమె లేవబోయింది. అత్తగారు మంచం మీంచి చెయ్యి చాచి కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కూర్చో అమ్మాయ్. వాడికి దాహం కాదు."