హవల్దారు గారి తుపాకి

"ఇది నా తుపాకి కాదు, ఆచారీ," అన్నారు తాతాజీ గారు.

కమ్మరి లింగాచారి కొలిమి తిత్తి వదిలేసి లేచాడు.

"మీదేనండి బాబూ. మీరు పటాలం వదిలి వచ్చేటప్పుడు సామర్లకోట వేలంలో పాడుకున్నదేనండి."

తాతాజీ గారు తుపాకిని ఒళ్లో పడుకోబెట్టుకుని నిమరడం మొదలుపెట్టారు. కంపెనీ పటాలంలో ఇరవై రెండేళ్లు చేసిన హవల్దారు ఆయన. ఆయన వేలు పడిందంటే ఏ తుపాకి అయినా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవలసిందే.

"గొట్టం జానెడు కోసేశావు. భుజానికి ఆనించే దస్తాకు సీమకర్ర తీసేసి పనస పెట్టావు. చెకుముకి రాయి పీకేసి, మందు కూరిన రాగి టోపీ మీద కొట్టే సుత్తి బిగించావు. కంపెనీ వారి సింహం ముద్ర నీ ఆకురాయికి అరిగి పిల్లి అయిపోయింది. దీన్ని మరమ్మతు అంటారా?"

"ఆయ్," అన్నాడు లింగాచారి.

మరమ్మతు ఒకటి కాదు, మూడు. మూడేళ్లుగా తుపాకి పేలడం లేదు. ఏటా తాతాజీ గారు పట్టుకొస్తారు, ఏటా లింగాచారి ఏదో ఒకటి మారుస్తాడు. గొట్టం నెర్రె ఇచ్చిందని ఒకసారి, రాయి నిప్పు రాల్చడం లేదని ఒకసారి, దస్తాకు చెద పట్టిందని మరోసారి. తుపాకి మాత్రం మౌనవ్రతం విడవలేదు.

ఈ బాధంతా ఒక పంది గురించి.

కపిలేశ్వరపురం ఎదుట లంకలో తాతాజీ గారికి చిలగడదుంప చేను ఉంది. మూడేళ్ల కిందట ఓ పొద్దున అందులో అడవిపంది పడింది. నల్లగా, బొద్దుగా, వంగి దుంపలు తవ్వుతోంది. ఆయన గురి చూసి కొట్టారు. వెంట్రుకవాసిలో తప్పింది. అది పెట్టిన కేకకు రేవులో పడవవాళ్లు కూడా తిరిగి చూశారట. పంది అలా అరవడం ఆయన పటాలంలో ఉన్నన్నాళ్లూ వినలేదు.

తప్పు గురిది కాదు, మంచుది. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ లంకల మీద మంచు పొద్దెక్కినా విడవడం లేదని ఆయన కనిపెట్టారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా "ఆయ్, నిజమేనండి," అన్నవారే. గోదావరి వాళ్లకు మర్యాద ఎక్కువ.

పంది మాత్రం రావడం మానలేదు. చేలోకి వెళ్తే తవ్వేసిన గుంటలు కాలికి తగులుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి దుంపల కూరతో అన్నం తింటూ ఆయన దాన్ని తిట్టుకునేవారు. చివరికి ఉండబట్టలేక రేవులో పదిమంది ఎదుట ఒట్టేశారు. వచ్చే అమావాస్యలోగా ఆ పందిని కొట్టకపోతే మీసం మంగలికి అప్పగించేస్తానని.

పాతికేళ్ల మీసం. అమావాస్య ఇంకా ఆరు రోజులే ఉంది.

"నీ కొత్తదనాలు నాకొద్దు. వేలంలో నా చేతికి ఎలా వచ్చిందో అలా చేసియ్యి. నేనిక్కడే కూర్చుంటాను," అన్నారాయన.

ఐదు రోజులు అలాగే కూర్చున్నారు. పొద్దున్నే ఆయన భార్య అప్పాయమ్మ దిగబెట్టి వెళ్లేది. ఆవిడ ఎక్కడికైనా ముందు నడుస్తుంది. "ఇదిగో గట్టు, ఇదిగో బోదె కాలవ, ఇదిగో పేడ," అంటూ దారి పొడుగునా వాగుతూనే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఇంత వాగుడు లేదని తాతాజీ గారి బెంగ.

పాత సామాను లింగాచారి గోనెసంచిలో దాచే ఉంచాడు. ఒక్కొక్కటీ తీసి బిగించాడు. రాయిని కొట్టించే కమాను చప్పుడు విని తాతాజీ గారు "ఇంకొక్క పిసరు," అనేవారు. కోసిన జానెడు ఎలాగూ రాదు కనుక దాన్ని క్షమించేశారు. పాత దస్తాను మాత్రం రెండు చేతులా తడిమి, "చెద ఏదయ్యా?" అని అడిగారు. లింగాచారికి దగ్గొచ్చింది.

ఐదోరోజు మధ్యాహ్నానికి పని అయింది.

"ఇంకేముందండి, పట్టుకెళ్లండి," అన్నాడు లింగాచారి హడావిడిగా.

"ఆగు."

తాతాజీ గారు గొట్టం నోట పెట్టుకుని ఊదారు. నిప్పంటుకునే రంజకం మందు పెట్టే చిన్న బెజ్జం దగ్గర తడి బొటనవేలు ఉంచారు. గాలి తగల్లేదు. తుమ్మముల్లు అడిగి తీసుకుని గుచ్చారు. దిగలేదు. గోటితో గీకి, వేలు నాలిక్కి రాసుకున్నారు.

"ఇత్తడి. కరిగించి పోసి, అతుకు తెలియకుండా నునుపు చేశారు. ఇంత పనితనం ఈ లంకల్లో ఇంకెవరికుంది, ఆచారీ?"

లింగాచారి కొలిమి వైపు తిరిగి నిలబడ్డాడు.

"మొదటి ఏడాదే పోసేసేనండి. తర్వాత చేసినవన్నీ మీ తృప్తి కోసమండి."

"ఎవరు పొయ్యమన్నారు?"

"అమ్మగారండి."

అమ్మగారు అప్పుడే అన్నం మూటతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

తాతాజీ గారికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కంపెనీ దొరలు మెచ్చిన గురి తనది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికే దాని మీద నమ్మకం లేకపోతే ఇక మీసం ఉంటేనేం, పోతేనేం?

"నా గురి మీద నీకంత అనుమానమా, అప్పాయీ?"

ఆవిడ మూట దించి, ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని, "గురికేం వంకండీ, ఆవేళ చేలో దుంపలు తవ్వుకుంటున్న నా కోక చెంగులోంచే పోయింది తూటా, కళ్లకు పొరలు కమ్మాక మీకు పందికీ పెళ్లానికీ తేడా తెలియడం లేదు, అంతేనండీ," అంది.