ఎడమ సీటు

చెయ్యి అటు వెళ్తోంది కానీ ఒళ్ళు వెళ్ళడం లేదు, అదే విచిత్రం. తాళం జేబులో ఉంది. లైసెన్సూ జేబులోనే ఉంది. కుడివైపు సీటు ఖాళీగా ఉంది. అయినా చిట్టియ్య ఎప్పట్లాగే ఎడమ తలుపులోంచి లారీ ఎక్కాడు, ఎప్పట్లాగే ఎడమ సీట్లో కూర్చున్నాడు, ఎప్పట్లాగే ఎదురు చూస్తున్నాడు. ఎవరికోసమో అతనికి తెలుసు. రాడనీ తెలుసు.

వెనకాల మొక్కలు సర్దడం అయిపోయింది. కడియం నుంచి నాగపూర్ వెళ్ళాల్సిన లోడు. తడిమట్టి వాసన క్యాబిన్‌లోకి వస్తోంది.

"ఏంటి చిట్టియ్యా, డ్రైవరువై ఉండి ఆ పక్కన కూర్చున్నావ్?" ఓనరు పల్లంరాజు కిందనుంచి కేకేశాడు.

"క్లీనరు రాలేదు కదండీ."

"వస్తున్నాడు. కొత్తగా చేరాడు, నువ్వే నేర్పుకోవాలి." పల్లంరాజు ఎందుకో నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. "ఎండెక్కితే మొక్కలు వడిలిపోతాయ్. నేను టీ తాగొచ్చేసరికి నువ్వింకా ఆ సీట్లోనే ఉన్నావంటే తాళం జీవరాజుకి ఇచ్చేస్తాను. అతను ఖాళీగానే ఉన్నాడు."

"ఆయ్, అలాగేనండి."

అన్నాడు గానీ కదల్లేదు. స్టీరింగు మీద రెండుచోట్ల నలుపు అరిగి నున్నగా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ ఈ బండి తోలిన గంగరాజు చేతులు ఆనే చోట్లు. ఆ స్టీరింగుని క్లీనరుగా చిట్టియ్య రోజూ తుడిచాడు. తుడిచినంతసేపే అది అతనిది. సీటు మధ్యలో గంగరాజు కూర్చుని కూర్చుని పడ్డ గుంట. మనిషి లేచిపోయినా సీటు మాత్రం మనిషిని మర్చిపోదేమో.

బండి తోలుతున్నంతసేపూ గంగరాజు మాట్లాడేవాడు కాదు. చిట్టియ్యే మాట్లాడాలి. ఎడమపక్క ఏది కనిపిస్తే అది చెప్పాలి. సైకిలు. గేదె. గొయ్యి. "కుడికన్ను నాదిరా, ఎడమకన్ను నువ్వు," అనేవాడు గంగరాజు. ట్రిప్పు ముగించుకుని వంతెన దిగి కొవ్వూరులోకి రాగానే రెండుసార్లు హారను కొట్టేవాడు. అది విని ఇంట్లో అతని భార్య వీరమ్మ ఎసరు పెట్టేది. వీళ్ళు బండి ఆపి కాళ్ళు కడుక్కునేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. డ్రైవరు కంచం, క్లీనరు కంచం పక్కపక్కనే.

తర్వాత లైసెన్సు రెన్యువల్‌కి కళ్ళ పరీక్ష వచ్చింది. గంగరాజు ఎడమకన్ను మూసి, గోడమీద అక్షరాలు చదవమన్నాడు డాక్టరు.

"ఏ గోడండీ?" అన్నాడు గంగరాజు.

కుడికన్ను పోయిన సంగతి దాచాడో, తనకే తెలియకుండా పోయిందో, ఇప్పటికీ చిట్టియ్యకి అర్థం కాదు. ఆ రోజునుంచీ గంగరాజు లారీ ఛాయలకి రాలేదు.

"నువ్వు హెవీ లైసెన్సు తెచ్చుకో, బండి నీకిస్తాను," అన్నాడు పల్లంరాజు. రాజమండ్రిలో మొదటిసారి టెస్టుకి వెళ్ళినప్పుడు చిట్టియ్య అంతా బాగానే తోలాడు. రివర్సు చెయ్యమనేసరికి మాత్రం బండి ఆపి, దిగి, వెనక్కి పరిగెత్తి, బాడీ మీద చేత్తో టపటపా కొట్టి "రానీ రానీ" అని అరిచాడు. బండి రాలేదు. ఇనస్పెక్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. "నువ్వు దిగిపోతే తోలేదెవరయ్యా?" రెండోసారి, దిగకుండా ఉండటానికి చిట్టియ్య ఎడమచేత్తో సీటుని గట్టిగా పట్టుకున్నాడు. పాసయ్యాడు.

ఆ కార్డూ, కాజాలూ పట్టుకుని కొవ్వూరు వెళ్ళాడు. గంగరాజు కార్డుని ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్క మాట అనలేదు. తిరిగి ఇచ్చేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. "షుగరు కదా, కాజా తినరులే," అంది వీరమ్మ.

కాజా తినకపోతే పోయె. 'తోలరా' అని ఒక్క మాట అంటే చాలు. ఆయన కన్ను పోతేనేగానీ తనకి ఈ సీటు రాలేదు. ఆ మాట లేకుండా ఆ గుంటలో కూర్చోవడం ఎలా? బతికున్న మనిషి చెప్పులో కాలు పెట్టినట్టుంది.

అద్దంలో పల్లంరాజు కనిపించాడు. టీ తాగేసి వస్తున్నాడు. వెనకాలే జీవరాజు, తువ్వాలు దులుపుకుంటూ. చిట్టియ్య జేబులోంచి తాళం తీశాడు. ఇచ్చేయడమే నయం. ఇచ్చేస్తే గంగరాజు ముందు తలెత్తుకునైనా తిరగొచ్చు.

దిగుదామని వంగేంతలో ఎడమ తలుపు బయటనుంచి తెరుచుకుంది. ముందు ఒక గుడ్డసంచి లోపలికొచ్చింది. తర్వాత నీళ్ళ డబ్బా. ఆ తర్వాత మెట్టుమీద కాలు తడుముకుంటూ గంగరాజు.

"గురువుగారూ! ఇటొచ్చారేంటండీ?"

"నాగపూరు."

"నాగపూరా?"

"ఓనరుగారు చెప్పలేదా, కొత్త క్లీనరు వస్తున్నాడని?"

"మీరు... మీరు క్లీనరేంటండీ బాబూ!"

"ఏం? ఎడమకన్ను బాగానే ఉంది కదా. ఎడమపక్క చూడ్డానికి అది చాలు." గంగరాజు సంచిని చిట్టియ్య మోకాలికి ఆనించి మెల్లగా నెట్టాడు. "జరగండి డ్రైవరుగారూ, ఇది నా సీటు."

చిట్టియ్య జరిగాడు.