మాస్కు కింద మాట

రెండు చేతులూ చాపించి, బల్లకు పట్టీలతో కట్టేశారు. పిత్తాశయంలో రాళ్ళు, తీసేయక తప్పదు. అతనికి రాళ్ళ దిగులు లేదు. తల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్న మత్తు డాక్టరు సొంత వదిన. దిగులంతా అదే.

అన్న పోయింది కారు ప్రమాదంలో. తాగి నడిపాడని లోకం కోడై కూసింది. ఆ మాటను మింగలేక కక్కలేక వదిన ఇన్నేళ్ళూ తల దించుకునే తిరిగింది. నిజానికి ఆ రోజు అన్న, తాగాను కదా అని తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి పక్క సీట్లో వాలిపోయాడు. స్టీరింగు దగ్గర కునికింది తమ్ముడు. జనం వచ్చేలోపు అన్నను తన సీట్లోకి లాగిందీ తమ్ముడే. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

పొద్దున పక్క మంచం పెద్దాయన చల్లగా చెప్పాడు. “మత్తెక్కేటప్పుడు నోరు మన మాట వినదయ్యా. మా ఆవిడకు తెలీకుండా కాల్చే చుట్టల సంగతి కూడా నర్సమ్మతో వాగేశానట!”

అప్పట్నుంచీ అతను కుడితిలో పడ్డ ఎలుకే. వేరే డాక్టరును పిలవమన్నాడు.

“నేనుండగా పరాయివాళ్ళెందుకు?” అంది వదిన. “నీ నరాలు దాగుడుమూతలు ఆడుతున్నాయి. ముందు గ్యాసుతో నిద్రపుచ్చి, తర్వాత సూది గుచ్చుతా.”

“గ్యాసు ఏం చేస్తుంది వదినా?”

“ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడులోకి పోతుంది. మెదడు ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వెళ్ళి పడుకుంటుంది. కాస్త తియ్యటి వాసన. అంతే.”

“నోరు ఎప్పుడు ఆరిపోతుంది?”

“నీదా? కష్టమే. నోట్లో నువ్వుగింజ నానదుగా!” వదిన నవ్వింది.

మాస్కు ముక్కూ నోరూ మూసేసింది. నర్సు యంత్రం పక్కన, మీట మీద చెయ్యి వేసి నిలబడింది.

“లోతుగా పీల్చు.”

రబ్బరు కంపు. దాని వెనక తీపి తగిలినట్టే ఉంది. పీల్చేకొద్దీ వేళ్ళు తిమ్మిరెక్కాయి. పైన దీపాలు చెదిరాయి. వచ్చేసింది, అనుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

“ఆపకు. పీల్చు.”

పీలిస్తే నోరు జారుతుంది, మానితే వదిన ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు గుంజాడు. పట్టీలు కదల్లేదు.

వదిన చల్లటి వేలు గడ్డం కింద ఆనింది. అన్న పోయిన రోజు, ఏడుపు దిగమింగుకుని తన తలకు కట్టు కట్టింది ఈ చెయ్యే. నాలుక దానంతటదే కదిలింది.

“వదినా... ఆ రోజు కారు నడిపింది అన్నయ్య కాదు.”

వేలు ఉలిక్కిపడింది.

“నేనే. కునుకు పట్టేసింది. అన్నయ్యను ఆ సీట్లోకి లాగింది కూడా నేనే.”

యంత్రం ఒక్కటే బుస్సు బుస్సుమంటోంది. అతనికి ఏడుపొచ్చింది, దాని వెంటే ప్రాణం తేలికపడింది. వాగించింది మత్తు, తన తప్పేముంది? వదిన కూడా మత్తులో పేలాపన అనుకుంటుంది. లేచేసరికి తనకూ గుర్తుండదు. కళ్ళు మూసుకుని నిద్ర కోసం ఎదురు చూశాడు.

వదిన గొంతు సవరించుకుంది.

“ఆక్సిజన్ పెట్టింది చాలు సిస్టర్, మత్తు గ్యాసు ఇప్పుడు తెరవండి.”